క్రౌడ్‌ఫండింగ్ ఆటలు: ఖరగ్‌పూర్ రోల్‌ప్లేయింగ్ అభిమాని కోణం

తయారీ మొదలుకాక ముందే ఆడబోయేవారి దగ్గర సొమ్ము పోగుచేసి, దానితో రూపొందించే బల్లమీది ఆటలను, వీడియో ఆటలను క్రౌడ్‌ఫండింగ్ ఆటలు అంటారు. న్యూయార్క్‌లో 2009 ఏప్రిల్ 28న మొదలైన కిక్‌స్టార్టర్‌తో ఈ పద్ధతి ఆటల రంగంలో వేళ్లూనుకుంది. సొమ్ము కట్టేవారిని బ్యాకర్లు అంటారు. బ్యాకర్ కొనుగోలుదారు కాడు, వాటాదారూ కాడు. ఒక మాటను నమ్మి డబ్బు ఇచ్చినవాడు. ఈ రంగంలోని సంబరాలకూ తగాదాలకూ మూలం చాలావరకు ఇదే.

రోల్‌ప్లేయింగ్ ఆటలకు ఈ పద్ధతి బాగా అతికింది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఈ కోవకు ఆద్యం. గేమ్ మాస్టర్ అనే ఒకరు కథ నడుపుతారు. మిగతావారు తలా ఒక పాత్ర అయి మాట్లాడతారు, పాచికలు వేసి ఫలితం తేల్చుకుంటారు. గెలుపోటములు ముఖ్యం కాదు. బొమ్మలు, బోర్డు లేకపోయినా నడుస్తుంది. నిబంధనల పుస్తకం, నలుగురు మనుషులు, ఒక సాయంత్రం ఉంటే చాలు.

ఖరగ్‌పూర్ నేపథ్యం

పశ్చిమ బెంగాల్ రాష్ట్రం, పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఖరగ్‌పూర్ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కట్టిన ఊరు. హౌరా నుంచి రైల్లో సుమారు 115 కిలోమీటర్లు. వర్క్‌షాపులో, లైన్ల మీద పనికి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఇక్కడే ఉన్నాయి. 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడానికి ఈ జనాభాయే కారణం. ఊరికి మరో కొసన, ఒకప్పటి హిజ్లీ నిర్బంధ శిబిరంలో, 1951లో మొదటి ఐఐటీ మొదలైంది. రైల్వే క్వార్టర్లలోని బహుభాషా యువత, ఐఐటీ హాస్టళ్లలోని దేశవ్యాప్త యువత ఒకే పిన్‌కోడ్ చుట్టుపక్కల ఉండటం రోల్‌ప్లేయింగ్ లాంటి అభిరుచికి కలిసొచ్చే విషయం. పుస్తకం ఇంగ్లీషులో ఉన్నా, బల్ల చుట్టూ కథ తెలుగులో మొదలై హిందీలోకి దొర్లి బెంగాలీలో ముగిసినా ఆటకు లోటేమీ రాదు. వీడియో ఆటకు ఆ వెసులుబాటు లేదు.

ముందుగా చందాలు పోగుచేసి ఆనక వేడుక చేయడం రైల్వే కాలనీలకు కొత్త కాదు. పూజా పందిళ్లు నిలబడేదే వాటి మీద. దేశం మొత్తం మీద చూస్తే, గుజరాత్‌లో 5 లక్షల మంది పాడి రైతులు తలా 2 రూపాయలు వేసుకోగా 1976లో శ్యామ్ బెనెగల్ తీసిన ‘మంథన్’ సినిమా ఈ తరహాకు పాత ఉదాహరణ. తేడా ఒక్కటే: పందిరి చందా వసూలు చేసినవాడు మన వీధిలోనే ఉంటాడు, నిలదీయవచ్చు.

పనిచేసే తీరు

కిక్‌స్టార్టర్‌లో తయారీదారు ఒక లక్ష్యం, ఒక గడువు ప్రకటించి ప్రచారం నడుపుతాడు. గడువులోగా లక్ష్యం చేరితేనే కార్డుల నుంచి సొమ్ము తీసుకుంటారు, చేరకపోతే ఎవరికీ ఖర్చు ఉండదు. వసూలులో 5 శాతం సంస్థ రుసుము, చెల్లింపుల ఖర్చు అదనం. లక్ష్యం దాటాక ‘ఇంకా ఇంత వస్తే మరో అధ్యాయం, మరో బొమ్మ’ అంటూ ఊరించేవి స్ట్రెచ్ గోల్స్. ఆలస్యాలకు బీజాలు చాలాసార్లు ఇక్కడే పడతాయి. 2008లో వచ్చిన ఇండీగోగో, బల్లమీది ఆటలకే ప్రత్యేకమైన పోలండ్ సంస్థ గేమ్‌ఫౌండ్, బ్యాకర్ల లెక్కలు చూసే సేవగా మొదలై తర్వాత నేరుగా నిధులు సేకరిస్తున్న బ్యాకర్‌కిట్ మిగతా ముఖ్య వేదికలు. 2025లో ఇండీగోగోను గేమ్‌ఫౌండ్ కొనేసింది.

వీటన్నిటికంటే ముందే అమెరికాలోని జీఎంటీ గేమ్స్ ‘పీ500’ అనే పద్ధతి నడిపింది. ముందస్తు ఆర్డర్లు 500 దగ్గరికి చేరితే ఆట అచ్చుకు వెళుతుంది, అప్పుడే కార్డు నుంచి డబ్బు తీస్తారు. ఆడంబరం లేని ఈ ఏర్పాటు చాలా ప్రచారాల కంటే నిజాయితీగా కనిపిస్తుంది.

2012, ఆ తర్వాత

పాత తరహా సాహస ఆట తీస్తామంటూ 2012 ఫిబ్రవరిలో డబుల్ ఫైన్ స్టూడియో 4 లక్షల డాలర్లు అడిగితే, 87 వేల మందికి పైగా కలిసి 33 లక్షల డాలర్లు ఇచ్చారు. పెద్ద ప్రచురణ సంస్థలు అటకెక్కించిన రోల్‌ప్లేయింగ్ వీడియో ఆటలు ఈ దారిలోనే తిరిగొచ్చాయి. వేస్ట్‌ల్యాండ్ 2కు 29 లక్షల డాలర్లు, షాడోరన్ రిటర్న్స్‌కు 18 లక్షలు పోగయ్యాయి. 11 లక్షలు అడిగిన పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీకి దాదాపు 40 లక్షలు వచ్చాయి. బెల్జియం స్టూడియో లేరియన్ 2013లో, 2015లో డివినిటీ: ఒరిజినల్ సిన్ ఆటలకు బ్యాకర్లనే ఆశ్రయించింది. 2023లో అదే స్టూడియో బాల్డర్స్ గేట్ 3తో సాధించిన విజయానికి బాట వేసింది ఆ రెండు ఆటలే.

బల్ల మీద నుంచి తెర మీదికి సాగిన ప్రయాణానికి న్యూమెనెరా మంచి ఉదాహరణ. మాంటీ కుక్ 2012లో ఈ రోల్‌ప్లేయింగ్ పుస్తకానికి 20 వేల డాలర్లు అడిగితే 5 లక్షలకు పైగా వచ్చాయి. ఆ లోకంలోనే జరిగే టార్మెంట్: టైడ్స్ ఆఫ్ న్యూమెనెరా వీడియో ఆటకు 2013లో సుమారు 42 లక్షలు వచ్చాయి. 2014 డిసెంబరుకు ఇస్తామన్న ఆట 2017 ఫిబ్రవరిలో వచ్చింది. విడుదలకు ముందు, మాట ఇచ్చిన ఇటాలియన్ అనువాదాన్ని, కొన్ని సహచర పాత్రలను తొలగించినట్టు తేలి గొడవైంది. స్ట్రెచ్ గోల్‌గా చేర్చిన భాష ఎంత సులువుగా జారిపోతుందో ఇంగ్లీషేతర ఆటగాళ్లకు అప్పుడు అర్థమైంది.

బల్లమీది ఆటల అంకెలు ఇంకా పెద్దవి. 2015లో ఎక్స్‌ప్లోడింగ్ కిటెన్స్ పేకాటను 2,19,382 మంది బలపరిచారు. 2020లో ఫ్రాస్ట్‌హేవెన్‌కు దాదాపు 1.3 కోట్ల డాలర్లు, 2021లో అవతార్ లెజెండ్స్ రోల్‌ప్లేయింగ్ ఆటకు 95 లక్షలు, 2024లో బ్రాండన్ శాండర్సన్ నవలల ఆధారంగా తలపెట్టిన కాస్మియర్ ఆటకు 1.5 కోట్లకు పైగా వచ్చాయి. అయితే అభిరుచి అసలు ప్రాణం కిక్‌స్టార్టర్ 2019 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన జీన్‌క్వెస్ట్ లాంటి చోట్ల ఉంది. పదీ ఇరవై పేజీల చిన్న పుస్తకాలు, వ్యక్తులు సొంతంగా రాసి బొమ్మలు గీసినవి, కొద్ది డాలర్లకే దొరుకుతాయి. కోట్ల ప్రచారాల్లో కానరాని తెగువ వీటిలో ఉంటుంది.

మాట తప్పినవి

కిక్‌స్టార్టర్ కోసం ఈథన్ మాలిక్ 2015లో చేసిన అధ్యయనం ప్రకారం, నిధులు అందిన ప్రాజెక్టుల్లో 9 శాతం బ్యాకర్లకు ఇస్తామన్నవి ఇవ్వలేకపోయాయి. ఆలస్యం మాత్రం దాదాపు ఆనవాయితీ. 2012లో 1.2 లక్షల డాలర్లు పోగుచేసి ఆట ఇవ్వని ‘ద డూమ్ దట్ కేమ్ టు అట్లాంటిక్ సిటీ’ నిర్వాహకుడిపై 2015లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ చర్య తీసుకుంది. క్రౌడ్‌ఫండింగ్ మీద ఆ సంస్థ తీసుకున్న మొదటి చర్య అదే. సొమ్ము సొంత ఖర్చులకు వాడాడన్నది అభియోగం. ఆ ఆటను క్రిప్టోజోయిక్ అనే మరో సంస్థ అచ్చువేసింది. 2012లో మొదలై వందల కోట్ల రూపాయలు కాదు, వేల కోట్లు పోగుచేసిన స్టార్ సిటిజెన్ అనే వీడియో ఆట ఏ కోవకు చెందుతుందో అభిమానులే తేల్చుకోలేకపోయారు.

భారత్ నుంచి బలపరచడం

ఇక్కడివారు ప్రాజెక్టులను బలపరచవచ్చు. కానీ కిక్‌స్టార్టర్‌లో ప్రాజెక్టు పెట్టగల దేశాల జాబితాలో భారత్ లేదు. ఇక్కడి తయారీదారులు విదేశీ చిరునామా మీద వెళ్లాల్సి వస్తుంది.

మొదటి చిక్కు కార్డుతో. రిజర్వ్ బ్యాంకు 2020 నిబంధనల తర్వాత కొత్త కార్డుల్లో విదేశీ లావాదేవీలను మనమే తెరుచుకోవాలి. ప్రచారం ముగిసిన రోజున, మనం నిద్రలో ఉండగా, తీయబోయిన సొమ్ముకు ఓటీపీ అడ్డుపడవచ్చు. అప్పుడు సరిచేసుకోవడానికి 7 రోజుల గడువు ఉంటుంది. బ్యాంకు మారకం రుసుము, దాని మీద జీఎస్టీ వేరే.

రెండోది, ఇంకా బరువైనది, పెట్టె రవాణా. పది కిలోల దాకా తూగే ఆటకు రవాణా ఖర్చే ఆట ధరను దాటిపోవచ్చు. కోల్‌కతా కస్టమ్స్ దగ్గర దిగుమతి సుంకం, ఐజీఎస్టీ కట్టాకే అది ఖరగ్‌పూర్ చేరుతుంది. బహుమతి అని రాయిస్తే గట్టెక్కే రోజులు పోయాయి. 5 వేల రూపాయల లోపు బహుమతులకు ఉన్న మినహాయింపు 2019 డిసెంబరులో పోయింది. 2025 సెప్టెంబరులో బోర్డు ఆటలపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గడం స్థానిక కొనుగోలుదారుకు ఊరట. విదేశీ పెట్టె ఖర్చులో అది చిన్న భాగమే.

కాబట్టి ఇలాంటి ఊరి అభిమానికి రోల్‌ప్లేయింగ్ పుస్తకమైతే పీడీఎఫ్, వీడియో ఆటైతే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణం నుంచి దించుకునే కీ తెలివైన ఎంపికలు. సూక్ష్మ శిల్పాలతో నిండిన పెట్టె విషయంలో పీడీఎఫ్‌తో పని జరగదు, రోల్‌ప్లేయింగ్‌లో మాత్రం పుస్తకమే ఆట. ఓడలు, కస్టమ్స్ జోలి లేకుండా అది అదే రోజు ఫోన్‌లోకి వస్తుంది. ప్రచారం అయ్యాక విడిగా కొనడం ఇంకా క్షేమం, ధర కాస్త ఎక్కువైనా.

భారతీయ ప్రయత్నాలు

ప్రాచీన భారతం లాంటి లోకంలో కరవు, రాజకీయాలు కథగా పైరోడాక్టిల్ చేసిన అన్‌రెస్ట్ 2013లో కిక్‌స్టార్టర్‌లో నెగ్గి 2014లో విడుదలైంది. పుణె స్టూడియో నాడింగ్ హెడ్స్ 2017లో రాజీ: యాన్ ఏన్షియెంట్ ఎపిక్ కోసం 1.2 లక్షల పౌండ్లు అడిగింది, లక్ష్యం చేరలేదు. ఆట ఆగలేదు. 2020 ఆగస్టులో విడుదలై దేశవిదేశాల్లో పేరు తెచ్చుకుంది. ముంబైలోని మీమెసిస్ కల్చర్ ల్యాబ్‌లో జైన్ మెమన్ రూపొందించిన రాజకీయ బోర్డు ఆట శాసన్ 2019లో కిక్‌స్టార్టర్ ద్వారానే వచ్చింది. ఓటర్లను కూడగట్టడానికి ఆటగాడు ఇచ్చే జవాబులే అతని సిద్ధాంతాన్ని నిర్ణయిస్తాయి. పేరుకు వ్యూహ క్రీడ గాని, ఆడేవారు మూడోసారి తమ వంతు వచ్చేసరికే నాయకుడి గొంతుతో మాట్లాడటం మొదలుపెడతారు.

రైలు ఆటలు

రైల్వే ఊరి పాఠకుడికి ఒక అనుబంధం. ఫ్రాన్సిస్ ట్రెషమ్ 1989లో తెచ్చిన ‘1853’ బోర్డు ఆట భారత రైల్వేల నిర్మాణం మీదే. కంపెనీల వాటాలు కొనుక్కుంటూ, మీటర్‌గేజ్ చిక్కులు కూడా చూసుకుంటూ పట్టాలు వేయాలి. టికెట్ టు రైడ్ శ్రేణిలో 2011లో వచ్చిన భారత పటం 1911 నాటి మార్గాలను చూపిస్తుంది. ఈ రెండూ మామూలు ప్రచురణ మార్గంలోనే వచ్చాయి, చందాలు అవసరం పడలేదు.