షార్ట్ షిఫ్టర్

షార్ట్ షిఫ్టర్ అనగా కారుతో పాటు వచ్చిన గేరు లివరును తీసివేసి, దాని స్థానంలో బిగించే, తక్కువ దూరం కదిలే లివరు. దీనిని మొదట మోటారు పందేల కోసం రూపొందించారు. ఆంధ్ర ప్రాంతపు వాడుకలో గేరు లివరును గేరు రాడ్డు అని అంటారు. షార్ట్ షిఫ్టర్ వలన చేతి కదలిక తగ్గి, గేరు త్వరగా మారుతుంది. అయితే చేతితో వేయవలసిన బలం పెరుగుతుంది. గేరు పెట్టె లోపలి భాగాలు పాతవే కనుక వాటిపై భారం కూడా పెరుగుతుంది. పందెపు బాట మీద లాభమైన ఈ పరికరం తెనాలి, రేపల్లె, బాపట్ల వంటి డెల్టా పట్టణాల మధ్య తిరిగే కారుకు ఎంతవరకు ఉపయోగమనేది వేరుగా ఆలోచించవలసిన విషయం.

పనిచేసే విధానం

గేరు లివరు ఏతము వంటిదే. ఒక ఆనుడు బిందువుపై అది ఊగుతుంది. పైకొనను డ్రైవరు నెట్టినపుడు కిందికొన వ్యతిరేక దిశలో కదిలి, గేరు పెట్టెలోని ఫోర్కును జరుపుతుంది. ఉదాహరణకు ఆనుడు బిందువుకు పైన 240 మిల్లీమీటర్లు, కింద 40 మిల్లీమీటర్లు ఉన్న లివరు నిష్పత్తి 6. ఫోర్కు 10 మిల్లీమీటర్లు జరగాలంటే చేయి 60 మిల్లీమీటర్లు కదలాలి. ఆనుడు బిందువును 10 మిల్లీమీటర్లు పైకి జరిపితే పైభాగం 230, కిందిభాగం 50 అవుతాయి. నిష్పత్తి 4.6కు తగ్గి, చేయి 46 మిల్లీమీటర్లు కదిలితే చాలు. కాని అదే పనికి బలం సుమారు 30 శాతం ఎక్కువ కావాలి. దూరంలో మిగిలినది బలంలో చెల్లించక తప్పదు. పాఠశాలలో చదివే తులాదండ సూత్రమే ఇది.

సాధారణ కార్ల గేరు పెట్టెలో సింక్రోనైజరు అనే ఏర్పాటు ఉంటుంది. దానిలోని రింగు రాపిడి ద్వారా రెండు భాగాల వేగాలను సమానం చేసిన తరువాతనే గేరు పడుతుంది. దీనికి కొంత వ్యవధి కావాలి. పొట్టి లివరుతో తొందరగా, బలంగా నెట్టితే ఆ రింగు త్వరగా అరుగుతుంది. పందెపు కార్లలో చాలావాటికి సింక్రోనైజరు ఉండదు. వాటిలో డాగ్ రింగులనే మోటు పళ్ళ చక్రాలు ఉంటాయి. అవి దెబ్బను తట్టుకుంటాయి, శబ్దమూ ఎక్కువే చేస్తాయి. అందువలన పందెపు లివరు ఒక్కటే తెచ్చి బిగించినంత మాత్రాన కారుకు పందెపు గేరు పెట్టె రాదు.

పూర్వచరిత్ర

అమెరికాలో 1950లలో అనేక కార్లకు గేరు లివరు స్టీరింగు స్తంభానికే ఉండేది. దానిని తొలగించి నేల మీద నుండి వచ్చే గట్టి లివరును అమర్చే పరికరాలతో జార్జి హర్‌స్ట్ స్థాపించిన సంస్థ ప్రసిద్ధి చెందింది. 1964 నాటి పాంటియాక్ జీటీఓ కారుకు హర్‌స్ట్ లివరు కర్మాగారంలోనే అమర్చి వచ్చేది.

తెలుగువారికి ఇది అంబాసిడరు కారు ద్వారా పరిచితమైన విషయమే. ఆ కారులో చాలాకాలం లివరు స్టీరింగు పక్కనే ఉండేది. దీనినే హ్యాండు గేరు అనేవారు. 1990ల ఆరంభంలో ఇసుజు ఇంజనుతో వచ్చిన 1800 ఐఎస్‌జడ్ నమూనాలో ఐదు గేర్లు, నేల లివరు వచ్చాయి. నేల లివరు వస్తే ముందు సీటులో మూడవ మనిషికి చోటు పోతుంది. అద్దె కార్లవారికి ఇది చిన్న నష్టం కాదు. అంబాసిడరు ఉత్పత్తి 2014లో ఆగిపోయింది.

రకాలు

ర్యాలీ కార్లలో లివరు పొడవుగా, స్టీరింగుకు దగ్గరగా ఉంటుంది. అక్కడ ముఖ్యం చేయి స్టీరింగును వదిలి ఉండే కాలాన్ని తగ్గించడం. దీనిని షార్ట్ షిఫ్టరుగా భావించరాదు. సీక్వెన్షియల్ లివరు ముందుకు, వెనుకకు మాత్రమే కదులుతుంది. మోటారు సైకిలులో వలె గేర్లు వరుసగానే మారతాయి. ఫార్ములా వన్‌లో 1989లో ఫెరారీ 640 కారు స్టీరింగు వెనుక పలకలతో గేరు మార్చే పద్ధతిని తెచ్చింది. ఆ ఏడాది బ్రెజిల్ పోటీలో, ఆ కారు మొదటి పందెంలోనే, నైజెల్ మాన్సెల్ దానితో గెలిచాడు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్ సాగర్ తీరాన జరిగిన ఫార్ములా ఈ పోటీలోని విద్యుత్తు కార్లకు మార్చవలసిన గేర్లే లేవు.

అమర్చడం

ముందుగా కారులో ఏ తరహా అమరిక ఉన్నదో చూడాలి. జిప్సీ వంటి వాహనాలలో లివరు నేరుగా గేరు పెట్టెలోకి దిగుతుంది. మారుతి 800లో మధ్యలో కడ్డీలు, స్విఫ్టులో తీగలు ఉంటాయి. ఒకదానికి తయారైనది మరొకదానికి పనికిరాదు.

కారును సమతల నేలపై నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, న్యూట్రలులో ఉంచి పని ప్రారంభించాలి. పైతొడుగు విప్పి, తీగల కొనలను ఊడదీసే ముందు వాటి స్థానాలను గుర్తు పెట్టుకోవాలి. కొత్తది బిగించాక ఇంజను ఆపి ఉంచి, క్లచ్ తొక్కి, అన్ని గేర్లూ పూర్తిగా పడుతున్నాయో లేదో చూడాలి. రివర్సు అడ్డు తప్పక పరీక్షించాలి. తీగ సర్దుబాటు కొద్దిగా తప్పినా గేరు సగమే పడి, బరువు పడగానే ఊడిపోవచ్చు. పొట్టి లివరులో గేర్ల దారులు దగ్గరవుతాయి కనుక ఐదు నుండి నాలుగుకు బదులు రెండుకు పడే ప్రమాదం ఉంది. అప్పుడు ఇంజను హద్దు మీరి తిరిగి, వాల్వులు పిస్టనులకు తగిలి విరగవచ్చు. రబ్బరు బుష్‌ల స్థానంలో ఇత్తడివి వేస్తే పట్టు స్పష్టమవుతుంది, అదరు కూడా కారు లోపలికి వస్తుంది.

డెల్టా రోడ్లపై

రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా 216వ జాతీయ రహదారి పోతుంది. దానిని వదిలి కాలువగట్ల దారి పట్టితే మలుపులు, ధాన్యపు ట్రాక్టర్లు, గేదెల మందల వలన గేరు మాటిమాటికి మార్చవలసి వస్తుంది. రోజంతా ఇలా తిరిగే డ్రైవరుకు గట్టిగా నెట్టవలసిన లివరు సుఖం కాదు. సూర్యలంక వంటి సముద్ర తీరాలలో ఉప్పుగాలికి బయటి కీళ్ళు త్వరగా తుప్పు పడతాయి. గేరు రాడ్డు వదులుగా ఉన్నదని షార్ట్ షిఫ్టరు కొనేవారు ముందు అరిగిన బుష్‌లను మార్పించి చూడాలి. తరచుగా లోపం అక్కడే ఉంటుంది, ఖర్చూ స్వల్పం. తీసివేసిన ఇనుము వ్యర్థం కానక్కరలేదు. పాత వాహనాల తుక్కుతో విగ్రహాలు చేయడంలో తెనాలి శిల్పులు పేరు పొందారు.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యే విధంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు ఈ నియమాన్ని స్పష్టపరచింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఏ సెక్షను, అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధిస్తుంది. విడిభాగాలు అమర్చడం కూడా ఈ మార్పు పరిధిలోకి వస్తుంది. రిజిస్ట్రేషను పత్రంలో గేరు లివరు ప్రస్తావన ఉండదు. అయినా రవాణా శాఖ కార్యాలయంలో ముందుగా విచారించుకోవడం మంచిది. వారంటీ ఉన్న కారైతే కంపెనీ వద్ద కూడా అడగాలి. శారీరక వైకల్యం గలవారు తమకు అనువుగా వాహనాన్ని మార్పించుకొని, రిజిస్ట్రేషను అధికారి ఆమోదం పొందడానికి ఇదే 52వ సెక్షను వీలు కల్పిస్తుంది.