కోయభాష అనే మాట

అర్థం కాని మాటను తెలుగువారు ‘కోయభాష’ అంటారు. అనేవారికి అందులో చిన్నచూపు తోచకపోవచ్చు గాని, గోదావరి తీరపు కోయపిల్లవాడు బడిలో తెలుగు నేర్చుకొంటూ, తన ఇంటి నుడి పేరే అర్థంలేని మాటలకు మారుపేరుగా చెలామణి అవుతున్నదని కూడా ఆ తెలుగులోనే నేర్చుకోవలసి వస్తుంది. నిజానికి కోయ, గోండి రెండూ తెలుగుకు దగ్గరి చుట్టాలైన ద్రావిడ భాషలు. ‘గోండు’ అన్నది ఇతరులు పిలిచే పేరు కాగా, గోండులు తమను తాము ‘కోయ్‌తోర్’ అని చెప్పుకొంటారు. గోండు పిల్లవాడు ఇంట్లో విన్న పేరు ఒకటి, హాజరు పట్టీలో చూసే పేరు మరొకటి.

ఇంటి నుడికి, బడి భాషకు మధ్య ఉన్న ఈ అంతరాన్ని ముందుగా గుర్తించినవారిలో గిడుగు వెంకట రామమూర్తి ఒకరు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ, ముండా కుటుంబానికి చెందిన, అంటే తెలుగుతో రక్తసంబంధం లేని సవర భాషను నేర్చి, అందులో వాచకాలు రాసి, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు నడిపారు. ఆయన పుట్టినరోజైన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకొనే బడులలో ఆయన సవర కృషికి దక్కేది తరచుగా ఒక్క వాక్యమే. ఇది న్యాయం కాదు.

నిజాం ప్రభుత్వాన్ని ఎదిరించిన గోండు నాయకుడు కుమ్రం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన తరువాత, గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ సాయం కోరింది. ఆయన నివసించిన, అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని మార్లవాయిలో 1943లో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం వెలిసింది. గోండు యువకులకే శిక్షణనిచ్చి పంతుళ్లను చేయడం, ఆ ప్రాంతంలో మరాఠీ పరిచయం ఉన్నందున గోండి వాచకాలను దేవనాగరి లిపిలో అచ్చువేయడం ఆ పథకపు ప్రత్యేకత. పంతులు తమవాడే కావడం, అచ్చుపుస్తకంలో తమ మాటే కనబడటం ఆ పిల్లలకు ఏ ఉపన్యాసమూ ఇవ్వలేని గౌరవాన్ని ఇచ్చి ఉండాలి.

భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన అందించాలనే రాజ్యాంగ అధికరణం 350-ఎ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం రెండూ 1956 నవంబరు 1నే అమలులోకి వచ్చాయి. అయినా గిరిజన ప్రాంతాల బడులలో తెలుగే బోధన భాషగా స్థిరపడింది. 2004లో గాని సవర, కోయ, గోండి, కువి, కొండ, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషలలో బహుభాషా బోధన మొదలు కాలేదు. అప్పటి గోండి వాచకాలకు తెలుగు లిపిని వాడారు. ఆదిలాబాద్ జిల్లాలోనే గుంజాల గ్రామపు రాతప్రతుల ద్వారా వెలుగులోకి వచ్చిన గోండి లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది 2018లో.