అమెరికన్ టీన్ సినిమాల్లో గే, లెస్బియన్ మూస పాత్రలు

హైస్కూల్ నేపథ్యంతో హాలీవుడ్ తీసే టీన్ సినిమాల్లో గే, లెస్బియన్ పాత్రలు చాలాకాలం కొన్ని అచ్చుల్లోంచే వచ్చాయి: చివర్లో చనిపోయే ఒంటరి కుర్రాడు, అందరి నోళ్లలో నానే అమ్మాయి, హీరోయిన్‌కు బట్టలు ఎంచిపెట్టే నేస్తం. నడక, మాటతీరు, వేషం ఈ మూసలో పైకి కనిపించేవి. అంతకన్నా లోతైన మూస, కథలో వాళ్లకు అప్పగించిన పనిలో ఉంది. ఇంకొకరి ప్రేమకథ నడవడానికి వాళ్లు కావాలి. వాళ్లు ఎవరిని ప్రేమిస్తారో కథకు పట్టదు.

నియమావళి కాలం

1930లో తయారై 1934 నుంచి కచ్చితంగా అమలైన, హాలీవుడ్ తనకు తానే పెట్టుకున్న హేస్ నియమావళి, స్వలింగ ప్రేమను తెరమీద ప్రస్తావించడాన్నే నిషేధించింది. దాంతో దర్శకులు చెప్పీ చెప్పకుండా చెప్పడం నేర్చుకున్నారు. నికొలస్ రే తీసిన ‘రెబెల్ వితౌట్ ఎ కాజ్’ (1955)లో సాల్ మినియో పోషించిన ప్లేటో ఇందుకు ఉదాహరణ. అతని స్కూల్ లాకర్‌లో నటుడు అలన్ లాడ్ ఫొటో ఉంటుంది. జిమ్‌గా నటించిన జేమ్స్ డీన్ వైపు అతను చూసే చూపులో స్నేహాన్ని మించిన ఆరాటం తెలుస్తూనే ఉంటుంది. చివరికి పోలీసు తూటాకు ప్లేటో బలవుతాడు. జిమ్, హీరోయిన్ జూడీ జంటగా మిగులుతారు. 1961లో నిషేధాన్ని సడలించారు, 1968లో నియమావళి పోయి రేటింగ్ పద్ధతి వచ్చింది. చావుల ఆనవాయితీ మాత్రం పోలేదు. వీటో రుస్సో తన ‘ది సెల్యులాయిడ్ క్లోజెట్’ (1981) పుస్తకంలో స్వలింగ ప్రేమికుల పాత్రలు తెరమీద ఎలా చనిపోయాయో ఏకంగా జాబితా వేశాడు.

తిట్టు నుంచి నేస్తం దాకా

1980ల్లో జాన్ హ్యూస్ తీసిన ‘సిక్స్‌టీన్ క్యాండిల్స్’, ‘ది బ్రేక్‌ఫాస్ట్ క్లబ్’లలో గే పాత్రలు లేవు, గేలను కించపరిచే తిట్టు మాత్రం ఉంది. ‘టీన్ వుల్ఫ్’ (1985)లో హీరో తన రహస్యం బయటపెట్టబోతే, గే అని చెప్పవు కదా అని మిత్రుడు కంగారు పడతాడు. కాదు, తోడేలు మనిషినని హీరో సర్దిచెబుతాడు. గే కావడంకన్నా మృగం కావడమే నయమన్నది అక్కడి హాస్యం. పిల్లలు హాల్లో పగలబడి నవ్వేందుకు రాసిన ఇలాంటి మాటలు, ఆ నవ్వుల మధ్యే కూర్చున్న గే కుర్రాడి చెవినా పడ్డాయన్నది మరవకూడదు.

ఏమీ హెకర్లింగ్ ‘క్లూలెస్’ (1995)తో గాలి కొంత మారింది. హీరోయిన్ షెర్ మనసుపడిన క్రిస్టియన్ గే అని తేలాక ఆమె చీదరించుకోదు, స్నేహం చేస్తుంది. అయితే ఆ తర్వాత అతనికి ప్రధానంగా మిగిలేది షాపింగ్ తోడు ఉద్యోగమే. ‘మీన్ గర్ల్స్’ (2004)లో డేమియన్‌కు చమత్కారం ఉంది, మంచి మనసు ఉంది, ప్రేమ మాత్రం లేదు. డారెన్ స్టైన్ తీసిన ‘జి.బి.ఎఫ్.’ (2013) ఈ మూసనే కథావస్తువుగా తీసుకుంది: గే అని బయటపడిన కుర్రాణ్ణి సొంతం చేసుకోవడానికి స్కూల్లో పేరున్న ముగ్గురమ్మాయిలు పోటీ పడతారు.

లెస్బియన్ అనే పుకారు

అమ్మాయిల విషయంలో మూస మరో దారి పట్టింది. ‘మీన్ గర్ల్స్’లో జానిస్ లెస్బియన్ అని రెజీనా పుట్టించిన పుకారు వాళ్లిద్దరి చిన్ననాటి స్నేహాన్ని తుడిచేస్తుంది. చివరికి సినిమా జానిస్‌ను ఒక అబ్బాయితో జతచేసి ఊరడిస్తుంది. ఇక్కడే అసలు లోపం. పుకారు అబద్ధం కనుకే అన్యాయమన్నట్టు కథ ముగుస్తుంది. నిజంగానే లెస్బియన్ అయిన అమ్మాయికి ఆ స్కూల్లో చోటెక్కడన్న ప్రశ్న రాదు. 2024 సంగీత రూపంలో జానిస్ లెస్బియనే. ‘క్రూయెల్ ఇంటెన్షన్స్’ (1999)లో ఇద్దరమ్మాయిల ముద్దు ఉంది గానీ, అది అబ్బాయిలతో ఎలా మెలగాలో నేర్పే పాఠంగా వస్తుంది.

అదే ఏడాది జేమీ బాబిట్ తీసిన ‘బట్ ఐయామ్ ఎ చీర్‌లీడర్’ పుకారును తలకిందులు చేసింది. మేగన్ మాంసం తినదు, గాయని మెలిసా ఎథరిడ్జ్ పోస్టర్ పెట్టుకుంది. ఇవే సాక్ష్యాలుగా తల్లిదండ్రులు ఆమెను ‘మార్చే’ శిబిరానికి పంపుతారు. ఆ శిబిరంలో అమ్మాయిలకు అంతా గులాబీ రంగు, అబ్బాయిలకు నీలం. అక్కడున్న జాన్ అనే అమ్మాయి మగరాయుడిలా ఉంటుంది, తనకు ఇష్టం అబ్బాయిలేనని ఏడుస్తూ చెబుతుంది. మూసకు ఇంతకన్నా సూటి జవాబు ఈ సినిమాల్లో అరుదు. అమెరికా రేటింగ్ బోర్డు దీనికి మొదట అత్యంత కఠినమైన ఎన్‌సీ-17 ఇచ్చింది. కొన్ని కత్తిరింపుల తర్వాతే ఆర్ రేటింగ్ దక్కింది.

కథ వాళ్లదైనప్పుడు

డీ రీస్ ‘పరాయా’ (2011) బ్రూక్లిన్‌లోని నల్లజాతి లెస్బియన్ అమ్మాయి కథ. పెద్ద స్టూడియో గే కుర్రాణ్ణి టీన్ ప్రేమకథకు హీరోగా నిలబెట్టింది గ్రెగ్ బెర్లాంటీ ‘లవ్, సైమన్’ (2018)తో. సైమన్ మూసకు పూర్తిగా ఎడంగా ఉంటాడు, మామూలు కుర్రాడిలా కనిపిస్తాడు. అతని స్కూల్లోనే ఈథన్ అనే నల్లజాతి కుర్రాడు నాజూకుగా, ఎవరికీ దాచకుండా తిరుగుతాడు, రోజూ వెక్కిరింపులు భరిస్తాడు. అంత ధైర్యవంతుడు పక్కపాత్రగానే ఉండిపోవడం మీద విమర్శ న్యాయమైనదే: నాజూకుతనం పాపం కాదు, దాన్ని కథ అంచుకు నెట్టడమే తప్పు.

ఆలిస్ వూ ‘ది హాఫ్ ఆఫ్ ఇట్’ (2020)లో ఎల్లీ చూ ఒక కుర్రాడి తరఫున ఒక అమ్మాయికి ప్రేమలేఖలు రాస్తుంది, తనూ ఆ అమ్మాయినే ప్రేమిస్తుంది. ఎమ్మా సెలిగ్మన్ ‘బాటమ్స్’ (2023) ఇంకో అడుగు వేసింది. చీర్‌లీడర్లను ఆకట్టుకోవాలని పీజే, జోసీ ఆత్మరక్షణ పేరుతో కొట్లాటల క్లబ్ పెడతారు, అబద్ధాలాడతారు, స్నేహితుల నమ్మకాన్ని వమ్ము చేస్తారు. తోటివారు వాళ్లను చిన్నచూపు చూసేది లెస్బియన్లని కాదు, ఏ ప్రతిభా లేదని. స్వార్థం, తెలివితక్కువతనం, ఆకతాయితనం టీన్ సినిమాల్లో అబ్బాయిలు దశాబ్దాలుగా అనుభవిస్తున్న స్వేచ్ఛ. ఇక్కడ అది ఇద్దరు లెస్బియన్ అమ్మాయిలకు దక్కింది.