అడగని పిల్ల

వచ్చే ఏడాదికి నేను పంతులమ్మనవుతాను. బి.ఇడి. చదువుతున్నానని చెప్పగానే ఎరిగున్నవాళ్ళందరిదీ ఒకటే మాట: "ఇంకా పంతులమ్మలెందుకమ్మా, ఫోనులోనే అన్నీ చెప్పేస్తున్నారుగా!" పెళ్ళిలో కలిసినా ఇదే, పేరంటంలో కలిసినా ఇదే. నవ్వి ఊరుకుంటున్నానుగాని లోపల కాస్త బెంగగానే ఉంది. ఉద్యోగంలో చేరకముందే ఉద్వాసన చెబుతుంటే ఎవరికి మాత్రం ఉండదూ? అంచేత, ఇదివరకు బడిలోకి వచ్చిన కొత్త సాధనాలు పంతుళ్ళని ఏం చేశాయో ఓసారి వెనక్కి వెళ్ళి చూశాను.

కొత్త సాధనమంటే మీటలూ తీగలూ ఉండాలని లేదు. ఇసుక కూడా ఒకప్పుడు కొత్తదే. మనకి కాదు లెండి, దొరలకి! 1789లో ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు మతాచార్యుడు మద్రాసులో మగపిల్లల అనాథ శరణాలయం బడికి పెద్దగా వచ్చాడు. ఒకరోజు వీధిబడి పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతుంటే చూసి, ఇదేదో బాగుందే అనుకున్నాడు. కాగితం ఖర్చు లేదు, సిరా ఖర్చు లేదు, తప్పుపోతే అరచేత్తో చెరిపేస్తే సరి. తన బడిలోనూ అలాగే చెప్పమంటే అక్కడి ఉపాధ్యాయుడు కుదరదు పొమ్మన్నాడట. బెల్ వాదన పెట్టుకోకుండా ఎనిమిదేళ్ళ కుర్రాణ్ణొకణ్ణి పిలిచి, చిన్నపిల్లల చేత నువ్వు దిద్దించరా అన్నాడు. వాడు దిద్దించేశాడు! అక్కణ్ణించి పిల్లలే పిల్లలకి చదువు చెప్పే పద్ధతి మొదలైంది. 1797లో బెల్ దాన్ని పుస్తకంగా వేస్తే, 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతో ఇంగ్లండు బళ్ళదాకా పాకింది. నన్నడిగితే ఇందులో ఇసుక గొప్ప పావలా, పక్కన కూచుని దిద్దించిన కుర్రాడి గొప్ప ముప్పావలా.

ఆ తరవాత సినిమా వచ్చింది. బళ్ళల్లో ఇంక పుస్తకాలకి కాలం చెల్లింది, పదేళ్ళలో చదువుల తీరే మారిపోతుంది అని 1913లో ఎడిసన్ అంతటివాడు జోస్యం చెప్పాడు. పదేళ్ళేమిటి, నూరేళ్ళు దాటాయి. పిల్లల పుస్తకాల సంచీ ఎత్తి చూసిన ఏ తల్లినైనా అడగండి, ఆ జోస్యం ఎంత ఫలించిందో చెబుతుంది.

మన ఇంటి కథ ఇంకా ముచ్చటైనది. 1975 ఆగస్టు 1న 'సైట్' అనే ప్రయోగం మొదలైంది. అమెరికా వాళ్ళ ఉపగ్రహం ఒకటి, మన ఇస్రో వాళ్ళ బుర్ర ఒకటి కలిసి ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకి టెలివిజన్ తెచ్చాయి. అందులో మన మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల పల్లెలూ ఉన్నాయి. ఆకాశంనించి వచ్చే బొమ్మని పట్టుకునేందుకు పదడుగుల వెడల్పు గొడుగులాంటిది నిలబెట్టారు. అది దేనితో చేశారనుకున్నారు? కోళ్ళగూటికి వేసే ఇనపవలతో! హైదరాబాదులో దూరదర్శన్ ప్రసారాలు 1977లోగాని మొదలవలేదు. అంటే ఈ ఒక్క భోగంలో పట్నంవాళ్ళకన్నా పల్లెటూరి పిల్లలే ముందున్నారన్నమాట. ఉదయం గంటన్నరసేపు బడిపిల్లల కార్యక్రమాలు నాలుగు భాషల్లో వంతులవారీగా వచ్చేవి. మన తెలుగు వంతు ఇరవైరెండున్నర నిమిషాలు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ ప్రయోగం చేసినవాళ్ళు పంతుళ్ళని పక్కకి నెట్టలేదు. సుమారు 48,000 మంది ఉపాధ్యాయులకి సైన్సు చెప్పడంలో రెండు విడతలుగా, పన్నెండేసి రోజులు తరిఫీదు ఇచ్చారు. అక్కడ కూడా టెలివిజన్ ఒక్కదాన్నే నమ్ముకోలేదు. రేడియో, చేసి చూడాల్సిన పనుల పుస్తకం, వీటితోపాటు సందేహం తీర్చడానికి ఓ మనిషిని కూచోబెట్టారు. ఆకాశంలో ఉపగ్రహం ఉన్నా నేలమీద మనిషి అక్కర తీరలేదు. ఏడాది గడువు తీరి 1976 జులై 31న ప్రయోగం ముగిసింది. ఉపగ్రహం వెళ్ళిపోయింది, పంతుళ్ళు ఉండిపోయారు.

మళ్ళీ 2020లో కరోనా వచ్చి బళ్ళు మూతపడ్డాయి. తెలంగాణలో సెప్టెంబరు 1నించి దూరదర్శన్ యాదగిరిలోనూ, టీ-శాట్‌లోనూ పాఠాలు చెప్పారు. ఆ రోజుల్లో అవీ లేకపోతే పిల్లల గతేమిటి? యంత్రాన్ని తిట్టడం నాకు చేతకాదు. కాకపోతే తెరకి ఒక లోపం ఉంది. మాట్లాడుతుందిగాని, వినేవాళ్ళ మొహం చూడలేదు.

"అది పాత మాట, ఇప్పటి యంత్రాలు అడిగితే జవాబు కూడా చెబుతాయి" అంటారు మీరు. నిజమే, చెబుతాయి. ఎన్నిసార్లడిగినా విసుక్కోవు కూడా. మా పంతుళ్ళ జాతికి అది కొంచెం సిగ్గుపడాల్సిన సంగతే! కాని "అడిగితే" అన్న మాట దగ్గరే ఉంది చిక్కంతా. శిక్షణకోసం బళ్ళకి వెళ్ళినప్పుడు నేను చూశాను, అడిగే పిల్లకి ఎవరైనా ఒకటే. పుస్తకమైనా, ఫోనైనా, నేనైనా తన పని జరిపించేసుకుంటుంది. ఆఖరి వరసలో ఒక పిల్ల ఉంటుంది. అర్థమైందా అంటే అందరితోపాటు తలూపుతుంది. తనకేం తెలియలేదో తనకే తెలియదు, ఇంక ఏమని అడుగుతుంది? రాత్రి చంటితమ్ముణ్ణి ఎత్తుకుని నిద్రలేక వచ్చిందేమో, మధ్యాహ్న భోజనం గంటకోసం చూస్తోందేమో, కళ్ళజోడు కావాలేమో. పాఠం ఆపి, పక్కకి వెళ్ళి, "ఏమ్మా?" అని అడిగితేగాని బయటపడదు.

కాబట్టి తెరనీ వాడతాను, ఫోన్నీ వాడతాను. నల్లబల్లమీద నేను గీసే గుండె గుమ్మడికాయలా ఉంటుంది. తెరమీద కొట్టుకునే గుండె చూపిస్తే పిల్లలకి సుఖం, నాకూ పరువు. అలా మిగిలిన సమయం ఆఖరి వరసకి ఇస్తాను.

మీరూ ఒక పని చేసిపెట్టాలి. ఇంట్లో చదువుకునే పిల్లలిద్దరూ, ఫోను ఒకటీ ఉన్నప్పుడు అది ముందు ఎవరి చేతికి వెళుతోందో గమనించండి. అబ్బాయి లాక్కుని, అమ్మాయి "తరవాత చూసుకుంటాలే" అని వంటింట్లోకి వస్తే, ఆ పిల్ల రేపు నా ఆఖరి వరసలోనే కూచుంటుంది.