భువనగిరి కొండ (స్పోర్ట్ క్లైంబింగ్)

హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు క్లైంబర్లకు అందుబాటులో ఉన్న పెద్ద బండ యాదాద్రి భువనగిరి జిల్లా కేంద్రంలో ఉంది. నాగోల్ మీదుగా ఉప్పల్ చేరి, ఘట్‌కేసర్, బీబీనగర్ దాటితే ఇంచుమించు 45 కిలోమీటర్లు. గుడ్డు ఆకారంలో లేచిన ఈ ఏకశిల ఎత్తు 500 అడుగుల పైమాటేనని ఎక్కువమంది రాస్తారు. దీనిపై కోట కట్టించింది పశ్చిమ చాళుక్యరాజు, త్రిభువనమల్ల బిరుదాంకితుడు ఆరవ విక్రమాదిత్యుడని ప్రతీతి. కోటను పదో శతాబ్దానికి నెట్టే రాతలూ ఉన్నాయి గానీ, ఆయన ఏలుబడి 1076–1126 కాబట్టి ఆ లెక్క పొసగదు.

స్పోర్ట్ క్లైంబింగ్‌లో దారి ముందే సిద్ధమై ఉంటుంది. బండకు డ్రిల్లుతో రంధ్రాలు వేసి బోల్టులు బిగిస్తారు. ఎక్కేవారు బోల్టు బోల్టుకూ క్విక్‌డ్రా అనే కొక్కేల పట్టీ తగిలించి, అందులో తాడు వేసుకుంటూ పైకి పోతారు. కింద బిలే పట్టినవారు తాడు వదులుతూ, జారితే బిగిస్తారు. చివరి బోల్టుకు రెండు మీటర్ల పైన కాలు తప్పితే పడేది నాలుగు మీటర్లు, తాడు సాగుదల అదనం. కొత్తవారికి అంత కష్టం పెట్టరు. తాడు పైనుంచే వేసి ఉంచుతారు.

దక్కను గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. ఎండకూ వానకూ పొరలుగా ఊడి నున్నబడ్డ రాయి కనుక చేతికి దొరికే అంచులు తక్కువ, భారమంతా పాదాలదే. మడమ దించి, షూ ముందుభాగపు రబ్బరును రాతి గరుకుకు ఆనించి, నడుమును బండకు ఎడంగా ఉంచాలి. భయపడ్డవాడు సరిగ్గా దీనికి విరుద్ధంగా బండను కావలించుకుంటాడు. బరువు పాదం మీంచి తప్పుతుంది, షూ జర్రున జారుతుంది, మోచేతులు గీరుకుపోతాయి.

2013లో పర్వతారోహకుడు శేఖర్‌బాబు బచినేపల్లి ఇక్కడ రాక్ క్లైంబింగ్ స్కూల్ ప్రారంభించారు. సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ ఈ బండ మీదే తొలిపాఠాలు నేర్చుకుని, డార్జిలింగ్, లడఖ్ శిక్షణల తర్వాత 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకప్పుడు 13 ఏళ్ల 11 నెలలు. రాహుల్ బోస్ 2017లో తీసిన ‘పూర్ణ’ సినిమాతో ఆ కథ దేశమంతా తెలిసింది. దాంతో భువనగిరిని ఎవరెస్టు బడిగానే చెప్పుకోవడం రివాజైంది. నిజానికి ఎవరెస్టుపై కావలసింది పలుచని గాలిని, చలిని తట్టుకోవడం, మంచు మీద నడవడం. ఈ సన్నపాటి పాదపట్టుకు అక్కడ పని తక్కువ. ఎత్తంటే జంకు పోవడం, తాడును నమ్మడం ఇక్కడ అలవడ్డాయనడం సబబు.

దారుల కష్టాన్ని కొలవడానికి ఫ్రెంచి పద్ధతి వాడుకలో ఉంది. క్లైంబర్ ఆడమ్ ఓండ్రా 2017లో నార్వేలో ఎక్కిన ‘సైలెన్స్’ దారి అందులో 9సి శ్రేణిది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో స్పోర్ట్ క్లైంబింగ్ తొలిసారి చేరింది. అయితే అక్కడి పోటీలు కృత్రిమ గోడల మీదే.

భువనగిరిలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అదీ పొద్దున్నే, ఎక్కడానికి అనువు. వేసవిలో బండ కాలిపోయి రబ్బరు పట్టు సడలుతుంది. చేతిబలాన్ని పరీక్షించే నిట్టనిలువు దారులు కావాలంటే కర్ణాటకలోని బాదామి ఇసుకరాతి కొండలకు పోవాల్సిందే. తాడు లేకుండా గుండ్లెక్కే బౌల్డరింగ్‌కు హైదరాబాద్ నగరానికి పడమట ఖాజాగూడ గుట్టలున్నాయి. ఇలాంటి శిలల రక్షణకే 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడింది.