పక్కన నిలబడ్డ రోజు

2025 నవంబర్ 3, సోమవారం. కుల్కచర్ల బస్టాండు పక్కన హోటల్లో పొయ్యి మీద చాయ్ మరుగుతోంది. పత్తి ఏరే కాలం కాబట్టి కూలీల ఆటోలు ఒకదాని వెనక ఒకటి చేలవైపు పోతున్నాయి. మీరు పరిగి బస్సు కోసం నిలబడ్డారు. ఆదివారం ఇంటికొచ్చి తిరిగి పట్నం పోతున్న పిల్లలు సంచులు కాళ్ల దగ్గర పెట్టుకుని పక్కనే ఉన్నారు. ఒక సంచిలోంచి అమ్మ కట్టిచ్చిన సకినాల వాసన వస్తోంది.

ముందు ఒక ఫోన్ మోగింది. వెంటనే ఇంకొకటి.

"తాండూరు బస్సంట. చేవెళ్ల దగ్గర్ల, మీర్జాగూడ కాడ."

"ఏ బస్సు? పొద్దుగాల పోయేదేనా?"

"అదే అంటున్నరు. కంకర టిప్పర్ గుద్దిందంట."

బెంచీ మీద కూర్చున్న ఒకావిడ లేచి నిలబడింది. ఆమె అక్క బిడ్డ తాండూరు నుంచి పట్నం పోయి చదువుకుంటుందట. నంబరు నొక్కి ఫోన్ చెవికి ఆనించింది. అవతల మోగుతూనే ఉంది, ఎవరూ ఎత్తడం లేదు. మళ్లీ నొక్కింది. బొటనవేలు వణికి ఒకసారి వేరే నంబరుకు పోయింది. కట్ చేసి మళ్లీ మొదలుపెట్టింది.

ఆమెకు రెండడుగుల దూరంలోనే ఒక కుర్రాడి ఫోన్లోకి వీడియో వచ్చింది. అయిదారు తలలు దాని మీదికి వంగాయి. మీరూ వంగారు. బస్సు ముందుభాగం ఒకవైపు చీలిపోయి ఉంది. కిటికీల దాకా కంకర. ఆ కంకరలోంచి ఒక చెయ్యి బయటికొచ్చి ఉంది. ఎవరో ఏడుస్తున్నారు. వీడియో ఆగింది. కుర్రాడు మళ్లీ మొదటినుంచి పెట్టాడు. "ఇంకోటుందా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు. ఇంకోటి ఉంది. అది అప్పటికే మూడు గ్రూపులకు వెళ్లిపోయింది.

"ఎత్తింది! ఎత్తింది!" అని బెంచీ దగ్గర ఆమె అరిచి అక్కడే కూలబడి ఏడ్చింది. పిల్ల క్షేమంగా ఉంది, వేరే బస్సెక్కిందట. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. "దేవుడున్నడక్కా" అన్నారు. తర్వాత తలలన్నీ మళ్లీ ఫోన్ మీదికి వంగాయి.

ఆ వంగడం దగ్గర మిమ్మల్ని కాసేపు ఆపాలి. ఆ గుంపులో దుర్మార్గుడు ఒక్కడూ లేడు. ఆ కుర్రాడు రేపు ఎవరికైనా రక్తం కావాలంటే ముందు పరిగెత్తేవాడే కావచ్చు. అయినా ఆ నిమిషంలో ఒకరి చావు మిగతావాళ్లకు చూసే వస్తువైంది. చూడటంలో ఒక కుతూహలం, మనకు కాలేదన్న ఒక ఊరట ఉన్నాయి. పక్కవాడి కంటే ముందు మన దగ్గరికి వచ్చిందన్న చిన్న గర్వం కూడా ఉంది. పైకి చెప్పుకోం గానీ అది ఆనందానికి దగ్గరి చుట్టమే.

ఇప్పుడు ఆ రోడ్డు మీదికి రండి. హైదరాబాద్ నుంచి చేవెళ్ల, మన్నెగూడ, పరిగి మీదుగా కొడంగల్ వైపు పోయే జాతీయ రహదారి అది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్లు, రెండు పక్కలా దాదాపు 900 మర్రిచెట్లు. తాండూరువాళ్లయినా, వికారాబాద్‌వాళ్లయినా, మన కుల్కచర్లవాళ్లయినా పట్నం పోవాలంటే ఆ చెట్ల కిందుగానే పోతారు. ఆ పొద్దున తాండూరు బస్సులో డెబ్బై మంది దాకా ఉన్నారు. చదువుకునే పిల్లలు, ఉద్యోగానికి పోయేవాళ్లు, ఆస్పత్రికి పోయేవాళ్లు. ఎదురుగా వచ్చిన టిప్పర్ ఢీకొంది. దాన్లోని కంకరంతా బస్సులోకి కూలింది. దాదాపు 20 మంది పోయారు.

అక్కడ మొదట చేరింది దగ్గరి ఊళ్లవాళ్లు, దారినపోయేవాళ్లు. చేతికందినవాళ్లను చేత్తో లాగారు. తర్వాత జేసీబీలు వచ్చాయి. కంకర తీయిస్తూ నిలబడ్డ ఒక పోలీసు అధికారి కాలిమీదికి జేసీబీ ఎక్కి ఆయనకే గాయమైంది. అదే చోట, అదే నిమిషంలో, ఫోన్ పైకెత్తి నిలబడ్డ చేతులూ ఉన్నాయి. కుల్కచర్ల హోటల్లో మీరు చూసిన వీడియో ఆ చేతుల్లోంచి వచ్చిందే.

ఇక్కడినుంచి చాలా దూరం, రెండున్నర వేల ఏళ్లకు పైగా వెనక్కి నడవండి. యెరూషలేము గోడలు కూలుతున్నాయి. బబులోను సైన్యం లోపలికి చొచ్చుకుపోతోంది. గుట్ట మీద ఎదోమువాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లు పరాయివాళ్లు కాదు. యెరూషలేమువాళ్లు యాకోబు సంతతి, వీళ్లు యాకోబు అన్న ఏశావు సంతతి, అంటే అన్నదమ్ముల బిడ్డలు. బైబిల్లో ఓబద్యా అని ఒక చిన్న పుస్తకం ఉంది. 21 వచనాలే. పాత నిబంధనలో అంతకంటే చిన్న పుస్తకం లేదు. దాన్లో ప్రవక్త ఎదోము మీద మోపిన నేరాల వరుస చూడండి. మొదటిది పక్కన నిలబడటం. తర్వాత తమ్ముడి పాటు చూస్తూ సంతోషించడం. తర్వాత ఊళ్లోకి జొరబడి సొత్తు మీద చేయి వేయడం. చివరికి, పారిపోతున్నవాళ్లను దారి కాచి పట్టివ్వడం.

దోచుకోవడం దగ్గర మొదలుపెట్టలేదు ప్రవక్త. నిలబడి చూడటం దగ్గర మొదలుపెట్టాడు. అది మొదటి మెట్టని, దానిమీద కాలు పెడితే పై మెట్టు దూరం కాదని ఆయనకు తెలుసు.

ఆ మెట్లు మన దగ్గరా ఉన్నాయి. వీడియో చూసినవాడు పంపుతాడు. పంపేవాళ్లు పెరిగేకొద్దీ దానికి సంగీతం కలిపి, పెద్దక్షరాలు వేసి పైసలు చేసుకునే ఛానల్ పుడుతుంది. ఆస్పత్రి వరండాలో పరిహారం ఇప్పిస్తానని కాగితం మీద వేలిముద్ర అడిగి, వచ్చేదాన్లో వాటా మాట్లాడుకునే మధ్యవర్తి తిరుగుతుంటాడు. ఊళ్లలో చావు జరిగిన ఇంటికి పదకొండో దినం లోపలే ఒకడు వస్తాడు. "ఎట్లనూ అప్పులున్నయి గదా, ఆ రెండెకరాలు ఇచ్చేయరాదుండ్రి" అని అగ్గువకు అడుగుతాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడి సామెత మన పెద్దలు ఊరికే చెప్పలేదు. శవాల మీద పేలాలు ఏరుకోవడమన్న మాటా అంతే. ఇలాంటివాళ్లను చూసీ చూసీ పుట్టిన మాటలవి.

ఇంకో రోడ్డుంది. యెరూషలేము నుంచి యెరికోకు దిగే దారి. పాతిక కిలోమీటర్ల పైచిలుకు, నిలువునా దిగుడు, రెండు పక్కలా బండలు, దొంగల భయం. యేసు చెప్పిన కథలో ఆ దారి పక్కన ఒక మనిషి కొన ఊపిరితో పడి ఉన్నాడు. యాజకుడు వచ్చాడు, చూశాడు, అవతలి పక్కగా పోయాడు. లేవీయుడూ అంతే. తర్వాత సమరయుడొచ్చాడు. యూదులు తమవాడిగా ఒప్పుకోని మనిషి. అతనూ చూశాడు. ముగ్గురూ చూశారు. మూడోవాడు మాత్రం చూసి, కనికరపడి, దగ్గరికి నడిచాడు.

ఆ తర్వాతి ఖర్చు లెక్క చూడండి. నూనె, ద్రాక్షారసం అతనివి. కట్లు కట్టింది అతనే. గాయపడ్డవాణ్ని తన వాహనం మీద ఎక్కించాడు. పూటకూళ్ల ఇంటివాడికి రెండు దేనారాలు ఇచ్చాడు. అప్పట్లో అది కూలివాడి రెండు రోజుల కష్టం. ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. దొంగలకు ఆ మనిషి నుంచి లాభం వచ్చింది. తప్పుకుని పోయినవాళ్లకు కనీసం సమయం, క్షేమం మిగిలాయి. సమరయుడికి మిగిలింది ఏమీ లేదు, అంతా పోగొట్టుకోవడమే. క్రైస్తవం కనికరం అంటున్నది ఆ పోగొట్టుకోవడాన్నే. ఎదుటివాడి ఆపదలోంచి మనం ఏమీ తీసుకోకపోవడం ఒక్కటే చాలదు, మన దగ్గరున్నది అందులో పెట్టాలి.

ఈ కనికరం తెలంగాణ నేల మీద ఒకనాడు ఎలా ఉండిందో నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కనపడుతుంది. కుష్ఠు వచ్చినవాళ్లను ఊరు వెలివేసే రోజుల్లో ఇసబెల్ కెర్ అనే మిషనరీ డాక్టరమ్మ, ఆమె భర్త అక్కడ ఆస్పత్రి కట్టారు. 1915లో అది తెరుచుకుంది. దానికి పెద్ద మొత్తం ఇచ్చిన దాత నర్సాగౌడ్ హిందువు. ఎవరూ తాకని ఒళ్లకు నూనె మందు సూదులతో ఎక్కించి వైద్యం చేశారు. ఒకరు వేరే దేశం, ఇంకొకరు వేరే మతం. సమరయుడి కథ వాళ్లిద్దరి మధ్యా మళ్లీ నడిచింది.

మళ్లీ సోమవారానికి రండి. సాయంత్రమైంది. ఊళ్లో ఎక్కడ నలుగురు కూడినా అదే ముచ్చట. "వాళ్ల రాత అట్లుంది" అంటారొకరు. "ఎవరు చేసుకున్న పాపమో" అంటారింకొకరు. ప్రార్థనకు పోయివచ్చిన నోటినుంచి కూడా ఈ మాట వస్తుంది, అక్కడే జాగ్రత్తగా ఉండాలి. యేసు కాలంలో సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్లు మిగతా అందరికంటే పాపులనుకుంటున్నారా అని ఆయన జనాన్ని నిలదీశాడు, కాదని తానే జవాబిచ్చాడు. చచ్చిపోయినవాడి పాపం లెక్కపెట్టడం కూడా అతని ఆపద మీద మనం కట్టుకునే మేడే. అక్కడ మనకు దొరికే లాభం పుణ్యాత్ములమన్న తృప్తి.

నవంబరు నెల మన జిల్లా క్రైస్తవులకు ధారూర్ మెథడిస్టు జాతర నెల. దాదాపు నూరేళ్లుగా జరుగుతోంది. ఎక్కడెక్కడినుంచో కుటుంబాలు సామాన్లు కట్టుకుని వచ్చి, డేరాలు వేసుకుని, రోజుల తరబడి పాటల్లో, ప్రార్థనల్లో గడుపుతారు. ఆ జాతరకు పోయేవాళ్లు, అక్కడినుంచి వచ్చేవాళ్లు రోడ్డు మీదే ఉంటారు. అక్కడ విన్న వాక్యానికి పరీక్ష ఆ రోడ్డు మీదే ఎదురవుతుంది.

ఆ పరీక్షలో భయపడాల్సిన పని ఇదివరకంత లేదు. దెబ్బతిన్నవాణ్ని ఆస్పత్రికి చేర్చినవాడిని కేసుల్లో తిప్పకూడదని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. 2019 మోటారు వాహనాల సవరణ చట్టం 134ఎ సెక్షన్ కింద అతనికి రక్షణ ఇచ్చింది. ఆ చట్టం అతన్ని పిలిచే పేరు యెరికో దారి కథలోంచి వచ్చిందే, మంచి సమరయుడు. తన పేరు చెప్పమని అతన్ని ఎవరూ బలవంతపెట్టకూడదు. "బిల్లు ఎవరు కడతరు?" అన్న ప్రశ్నకూ జవాబుంది. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితుడికి ఏడు రోజుల దాకా, లక్షన్నర రూపాయల వరకు నగదు లేకుండా వైద్యం చేయించే పథకం ఉంది. 2005 ఆగస్టు 15న మొదలైన 108 బండి మన రోడ్ల మీద తిరుగుతోంది. దెబ్బ తగిలిన మొదటి గంటలో వైద్యం అందితే బతికే అవకాశం ఎక్కువని చట్టమే ఆ గంటకు పేరు పెట్టి గుర్తించింది.

కాబట్టి ఈసారి కుల్కచర్ల, పరిగి మధ్య ఏ మలుపులోనైనా బైకు పడి ఉండి, చుట్టూ జనం మూగి ఉంటే మీ ఫోన్‌తో మొదట చేయాల్సింది 108కి చెప్పడం. కింద పడ్డవాడి పక్కన కూర్చోండి. "అన్నా, బండి వస్తోంది, నేనున్న" అనండి. అతని ఫోన్, పర్సు జేబులోనే ఉన్నాయో లేదో చూసి, ఇంటివాళ్లకు మీరే కబురు పెట్టండి. వీడియో తీసేవాడి భుజం మీద చెయ్యి వేసి, "తమ్మీ, జర ఇటు పట్టు" అని పని చెప్పండి. వాడు తిట్టడు, వస్తాడు. పక్కన నిలబడ్డవాళ్లలో చాలామందికి కావలసింది పిలిచే ఒక గొంతే. ఆ గొంతు మీది కావాలి. ఆ పూట మీ బస్సు తప్పిపోతే పోనివ్వండి.