వెండితెర నవల (సైన్స్ ఫిక్షన్)

సినిమా కథను నవలగా మలిచి అచ్చువేసే పుస్తకం. తెలుగులో ఈ ప్రక్రియకు పేరు తెచ్చినవారు ముళ్లపూడి వెంకటరమణ. సైన్స్ ఫిక్షన్‌లో మాత్రం ఇది ఎక్కువగా ఇంగ్లిషు పేపర్‌బ్యాక్‌ల సొత్తు. హైదరాబాదులో అలాంటివాటిని వెతకాల్సిన చోటు అబిడ్స్, నాంపల్లి ప్రాంతం: ఆదివారం మూసిన దుకాణాల ముందు, ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల బజారు.

సినిమాను సరిదిద్దిన నవల ఐజాక్ అసిమోవ్ రాసిన 'ఫెంటాస్టిక్ వాయేజ్' (1966). కుదించిన జలాంతర్గామిలో కొందరు రోగి రక్తనాళాల్లోకి వెళ్తారు. తెరమీద తెల్లరక్తకణం మింగిన ఓడ లోపలే ఉండిపోతుంది. గడువు తీరాక అది మామూలు పరిమాణానికి పెరిగితే రోగి బతుకుతాడా? సినిమా పట్టించుకోలేదు. అసిమోవ్ ఆ కణాన్ని వెంట రప్పించి, ఓడ శకలాలతో సహా కంటి దారిన బయటపడేశాడు. పుస్తకం సినిమాకన్నా ముందే రావడంతో నవలే మూలమని చాలామంది నమ్మారు.

'స్టార్ వార్స్' నవల కూడా 1976లోనే, చిత్రానికి ముందే వెలువడింది. అట్టమీద పేరు చిత్ర దర్శకుడు జార్జ్ లూకాస్‌ది, రాసింది అలన్ డీన్ ఫాస్టర్. ఆయనే రాసిన 'ఏలియన్' (1979)లో, థియేటర్లకు వచ్చిన ప్రతిలో కోతపడ్డ, గ్రహాంతరజీవి మనుషుల్ని బంధించిన గూడు సన్నివేశం భద్రంగా ఉంది. స్క్రిప్టు చూసి రాయడం వల్ల కలిగిన మేలిది.

ఆర్థర్ సి. క్లార్క్ '2001' (1968) సినిమాతో పాటే పుట్టింది. నవలలో గమ్యం శని, తెరమీద గురుడు. దర్శకుడు కుబ్రిక్ మౌనంగా వదిలినదాన్ని క్లార్క్ విడమరచి చెప్పాడు.

వీటిలో ముందు చదవాల్సింది అసిమోవ్‌నే.